3.6 మీటర్ల తెడ్ల పడవకి ఎలక్ట్రిక్ మోటారు: 55 పౌండ్లదా, కిలోవాట్‌దా?

గట్టుమీద:
ఫైబర్ పడవ, పొడవు 3.6 మీటర్లు. ఇద్దరు మనుషులు, బ్యాటరీ, సామాను అన్నీ కలిపి 300 కిలోలు. వెనక పలక ఎత్తు 38 సెంటీమీటర్లు, మందం 20 మిల్లీమీటర్లు. తిరిగేది నిలవ నీళ్లలోనే, కాకపోతే మధ్యాహ్నం దాటాక ఎదురుగాలి గట్టిగా ఉంటుంది. రెండు మూడు గంటలు నడవాలి. 12 వోల్టుల, 55 పౌండ్ల తోపు ఇచ్చే ట్రోలింగ్ మోటారు (పడవని నెమ్మదిగా నడిపే చిన్న మోటారు) చాలా, కిలోవాట్ అవుట్‌బోర్డుకి (వెనక పలకకి తగిలించే, అంతకన్నా బలమైన మోటారు) వెళ్లాలా? కారు బ్యాటరీ ఒకటి ఖాళీగా ఉంది, దాంతో నడుస్తుందా?

చుక్కాని:
55 పౌండ్లది చాలు. 45 కిలోల బరువుకి 2 పౌండ్ల తోపు చొప్పున లెక్క వేస్తే మీకు 13, 14 వస్తుంది. గాలి కోసం మూడింతలు చేసుకున్నా 40 దగ్గర ఆగుతుంది.

వేగం మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి. తెడ్ల పడవ నీటిని చీల్చుకుంటూ పోవాల్సిందే, పైకి లేచి పరిగెత్తదు. నీటిని తాకే పొడవు మీటర్లలో కొలిచి, దాని వర్గమూలాన్ని 4.5తో గుణిస్తే గంటకి ఎన్ని కిలోమీటర్లు పోగలదో తెలుస్తుంది. మీది 3.4 మీటర్లనుకుంటే 8.3. ఆపైన ఎంత శక్తి పోసినా అల పెద్దదవుతుంది, వెనక భాగం కుంగుతుంది, అంతే. 55 పౌండ్లది సుమారు 6 దాకా లాగుతుంది. అక్కడి నుంచి 8కి చేరాలంటే శక్తి రెట్టింపు కన్నా ఎక్కువ కావాలి, ఎందుకంటే ఖర్చు వేగం ఘనంతో పెరుగుతుంది.

కిలోవాట్ రకాల ప్రొపెల్లర్ సామర్థ్యం మెరుగే, కాదనను. కానీ అలాంటి మోటారు ఒకటి, ఈప్రొపల్షన్ కంపెనీ స్పిరిట్ 1.0 ప్లస్, దాని బ్యాటరీ 1276 వాట్-అవర్లు, అంటే 12.8 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేంతే. ఫుల్లుగా నడిపితే గంటంపావు. ప్రవాహానికి ఎదురెళ్లాల్సిన వాళ్లకి అది అవసరం, మీకు కాదు.

ఆంపియర్:
కారు బ్యాటరీ వద్దు. అందులో పల్చటి ప్లేట్లు స్టార్టింగ్‌కి క్షణం పాటు భారీ కరెంటు ఇవ్వడానికి ఉన్నవి. గంటల తరబడి పిండితే కొద్ది రోజులకే చస్తాయి. డీప్ సైకిల్ (గంటల తరబడి వాడుకోవడానికి చేసిన) లెడ్ యాసిడ్ అయినా 100 ఆంపియర్-అవర్ అన్న మాట 20 గంటల లెక్క, అంటే 5 ఆంపియర్లకి. ఈ మోటారు ఫుల్లులో 50 లాగుతుంది, అప్పుడు 60, 70 ఆంపియర్-అవర్ల కన్నా రావు. అందులోనూ సగం దాకానే వాడాలి. బరువు 30 కిలోల దగ్గర.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 100 ఆంపియర్-అవర్ది 12 కిలోల లోపు, 90 వాడుకోవచ్చు. ఫుల్లులో గంటా నలభై ఐదు నిమిషాలు, 20 ఆంపియర్ల దగ్గర పెడితే నాలుగున్నర గంటలు. మోటారు మీద ఉండే చార్జ్ లైట్లని నమ్మొద్దు. ఈ బ్యాటరీ వోల్టేజీ చివరిదాకా దాదాపు ఒకేలా నిలబడి, ఒక్కసారిగా పడిపోతుంది. షంట్ (పోయే కరెంటుని కొలిచే చిన్న రెసిస్టర్) ఉన్న మీటరు పెట్టండి.

ఒక్క సంగతి, చుక్కాని గారు చెప్పనిది: ముందుకి 5, వెనక్కి 3 గేర్లలాంటి మెట్లున్న మోటార్లు తక్కువ వేగంలో మిగిలిన శక్తిని రెసిస్టర్ చుట్టల్లో వేడిగా తగలేస్తాయి. మెట్లు లేని పల్స్ కంట్రోల్ రకం (కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వేగం తగ్గించేది) తీసుకోండి, మీరు ఎక్కువసేపు నడిపేది సగం వేగంలోనే. అయితే ప్లస్ మైనస్ తారుమారైతే అందులో బోర్డు క్షణంలో కాలుతుంది.

గట్టుమీద:
50 ఆంపియర్ల బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉన్న లిథియం బ్యాటరీ చౌకగా దొరుకుతోంది. సరిపోతుందా ఆంపియర్ గారూ? బ్యాటరీ ముందు కొసన పెట్టొచ్చా?

ఆంపియర్:
సరిపోదు. నాచు చుట్టుకుంటే కరెంటు 50 దాటుతుంది, బీఎంఎస్ కట్ చేస్తుంది, మోటారు నడి నీళ్లలో ఆగుతుంది. 100 ఆంపియర్లది తీసుకోండి.

ముందు పెట్టడమే మంచిది, వైరు లావు చూసుకోవాలి. 3 మీటర్ల దూరమంటే రానుపోను 6 మీటర్లు. 6 చదరపు మిల్లీమీటర్ల వైరులో 50 ఆంపియర్లకి 0.9 వోల్టు పోతుంది, 44 వాట్ల వేడి. 16 వేస్తే 0.33 వోల్టే. 60 ఆంపియర్ల బ్రేకరు బ్యాటరీ ప్లస్‌కి 18 సెంటీమీటర్ల లోపు ఉండాలి. మోటారు దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని షార్టయినప్పుడు దానివల్ల ఉపయోగం లేదు.

కొలతపట్టీ:
షాఫ్ట్ (మోటారు తల నుంచి ప్రొపెల్లర్ దాకా దిగే గొట్టం) పొడవు ఎవరూ అడగలేదు. ప్రొపెల్లర్ ఆకుల పైకొస నీటికి 15 సెంటీమీటర్లయినా కింద ఉండాలి. లేకపోతే గాలి పీలుస్తుంది, మోత పెరుగుతుంది, పడవ కదలదు. బరువెక్కాక నీటి నుంచి పలక పైఅంచుకి 28 ఉంటుందనుకుందాం. నీటి కింద ప్రొపెల్లర్ మధ్యకి 27. హ్యాండిల్ తిప్పడానికి పలక పైన 15, 20. మొత్తం 70, 75. దుకాణాల్లో 76 సెంటీమీటర్లది దొరుకుతుంది, అది అంచున నిలబడ్డట్టే. 91ది కొని, పైకి లాగి కాలర్‌తో (షాఫ్ట్ చుట్టూ ఉండే బిగింపు పట్టీ) బిగించుకోండి.

20 మిల్లీమీటర్ల పలక పల్చన. లోపల, బయట 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ ముక్కలు పెట్టి, వెడల్పు వాషర్లతో ఆర్‌పార్ బోల్టులు వేయండి, రంధ్రాల్లో సీలెంట్ నింపండి. బిగింపు మరలు అదురుకి వదులవుతాయి, కాబట్టి మోటారుకి విడిగా తాడు కట్టాలి.

గాలం వేసేవాళ్లయితే ప్రొపెల్లర్ నట్టు తరచూ విప్పి చూడండి. దారం లోపల చుట్టుకుని ప్రొపెల్లర్ ఇరుసు దగ్గరి సీలుని కోస్తుంది, నీళ్లు మోటారులోకి పోతాయి. విడి పిన్ను, నట్టు, స్పానరు పడవలోనే ఉంచుకోవాలి. తెడ్లు కూడా.