సగంలో ఆగిన తరగతి గదులు: పంచాయతీ నిధులను బడికి వాడవచ్చునా?

నమస్కారం. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక గ్రామంలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల తల్లిదండ్రుల కమిటీలో నేను సభ్యుడిని. 2021లో మొదలైన నాడు-నేడు (ప్రభుత్వ బడుల ఆధునికీకరణ పథకం) రెండో విడతలో మా బడికి మంజూరైన రెండు అదనపు గదులు స్లాబు దాకా వచ్చి ఆగిపోయాయి. బయటకు పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు తుప్పు పడుతున్నాయి.

గత నెల మండల పరిషత్ సర్వసభ్య సమావేశంలో ఈ విషయమై చాలాసేపు వాదన జరిగింది. సిమెంటు, ఇనుము ధరలు పెరిగినందున సవరించిన అంచనాలకు అనుమతి వస్తేనే పని సాగుతుందని ఇంజినీరు గారు, పిల్లల సంఖ్య తగ్గినప్పుడు కొత్త గదులెందుకని మరొక అధికారి అన్నారు. (గదులు లేకనే పిల్లలు వెళ్లిపోయారన్నది మా వాదన.) చివరికి సర్పంచ్ గారు, కనీసం మరుగుదొడ్లనైనా పంచాయతీ డబ్బుతో బాగుచేయిస్తామని ముందుకు వచ్చారు.

పంచాయతీలకు కేంద్రం ఇచ్చే 15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంటులో 60 శాతం పారిశుద్ధ్యం, తాగునీటికే ఖర్చు చేయాలన్న నిబంధన ఉన్నది గనుక, బడి మరుగుదొడ్ల మరమ్మతు ఆ పద్దు కిందికి వస్తుందా, వస్తే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ముందుగానే చేర్చి ఉండాలా? అలాగే, ఇప్పటిదాకా జరిగిన పనిని కొలతలతో నమోదు చేసే ఎం-బుక్ (కొలతల పుస్తకం) నకలును సమాచార హక్కు చట్టం కింద ఇంజినీరింగ్ విభాగాన్ని అడగాలా, ప్రధానోపాధ్యాయుడినా? ఇటువంటి పని చేయించిన అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.