ప్లేటోపై పరిశోధన చేసేవారి స్థానం ఏ శాఖలో?

వేణు: తత్వశాస్త్ర శాఖలోనే. 1907లో ఇస్తాంబుల్‌లో పుట్టి, హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసి, కార్నెల్, ప్రిన్స్‌టన్, బర్క్‌లీలలో బోధించిన గ్రెగరీ వ్లాస్టోస్ 1954లో రాసిన వ్యాసమే నాకు సాక్ష్యం. పెద్ద వస్తువులన్నిటికీ ‘పెద్దతనం’ అనే ఒకే రూపం (ఆకారం కాదు, వస్తువులకు ఆ లక్షణాన్నిచ్చే మూలతత్వం) ఉందంటే, ఆ రూపాన్నీ వస్తువులనూ కలిపి చూసినప్పుడు మరో రూపం కావలసివస్తుందనీ, ఈ వరుసకు అంతుండదనీ ప్లేటో రాసిన ‘పార్మెనిడీస్’ అనే సంభాషణలో ఒక వాదం ఉంది. దానికి ఆధారమైనా మూలంలో పైకి చెప్పని రెండు ప్రతిపాదనలను వ్లాస్టోస్ వెలికితీశారు: పెద్దతనం తానూ పెద్దదే, ఒక లక్షణం ఉన్నదేదీ ఆ లక్షణపు రూపంతో ఒకటి కాజాలదు. ఈ రెండూ పరస్పరం పొసగవు; రెంటినీ ఒప్పుకుంటే పెద్దతనం తనతో తానే ఒకటి కాజాలదు. రెండేళ్లు తిరిగేలోగా సెల్లర్స్, గీచ్ వంటి తత్వవేత్తలు ఆ వ్యాసానికి జవాబులు రాశారు.

సుమతి: వేణుగారూ, పైకి చెప్పనిదాన్ని వెలికితీయడం రచయిత నోట మన మాట పెట్టడం కాదని ఎలా తేల్చుతారు? ఆ సంభాషణ మనకు నేరుగా అందలేదు. పైథొడోరస్ చెప్పగా విని కంఠస్థం చేసిన ఆంటిఫాన్, కమ్మరికి కళ్లెం పని పురమాయించి పంపాక, వచ్చినవారికి దాన్ని అప్పజెబుతాడు. అందులో వృద్ధ తత్వవేత్త పార్మెనిడీస్ ఇంకా కుర్రవాడైన సోక్రటీసును నిలదీస్తాడు. ఇదంతా పక్కన పెడితే మిగిలేది ప్లేటో వాదమా, మీ వాదమా?

రాఘవ: మూలం గ్రీకులో చదవనివారు ఈ చర్చకు దూరంగా ఉంటే మేలు.

వేణు: రాఘవగారూ, ఇక్కడ ప్రశ్న అది కాదు. సుమతిగారూ, కథ ఎవరి నోట వచ్చినా తప్పు తప్పే. ఆంటిఫాన్ చెప్పాడు కాబట్టి ఆ వరుస ఆగిపోదు. మీరు వాదాన్ని ఎదుర్కోకుండా సన్నివేశం చాటుకు పోతున్నారు.

సుమతి: చాటుకు పోతున్నానా? ఒక విశ్వవిద్యాలయంలో ఇంటర్వ్యూకు వెళితే తత్వశాస్త్ర శాఖవారు నాది సాహిత్యమన్నారు; ప్రాచీన భాషల శాఖవారు తత్వశాస్త్రమన్నారు. ఆ గది నుంచి ఈ గదికి తిరిగి చివరకు ఉత్త చేతులతో వచ్చాను.

వేణు: అది అన్యాయమే, కాదనను. కాని అది నియామకాల గొడవ. వ్లాస్టోస్ పద్ధతికీ దానికీ ముడిపెట్టకండి.

సుమతి: ముడి ఉంది. సోక్రటీసుపై 1991లో వచ్చిన పుస్తకంలో, ప్లేటో తొలి సంభాషణల్లోని సోక్రటీసూ, ఆయన రచనాజీవితపు మధ్యకాలపు సంభాషణల్లోని సోక్రటీసూ వేర్వేరు తాత్వికులన్నది వ్లాస్టోస్ వాదం. ఏవి తొలివో, అవి చారిత్రక సోక్రటీసుకు ఎంత దగ్గరో చెప్పవలసింది చరిత్ర, భాషాశైలి తెలిసినవారు. 1996లో ప్లేటో పండితుడు చార్లెస్ కాన్ వ్లాస్టోస్ వాదాన్ని దెబ్బకొట్టింది సరిగ్గా అక్కడే. పునాది మా పనిపై వేసుకుని, కొలువుల దగ్గరికి వచ్చేసరికి దాన్ని తత్వశాస్త్రం కాదనడమే నా అభ్యంతరం. దానికి జవాబు చెప్పండి.

వేణు: కాన్ కూడా తత్వశాస్త్ర ఆచార్యుడిగానే పనిచేశారు కదా.

సుమతి: అవును. అందుకే ఆయన పనిని ఎవరూ సాహిత్యమని తోసిపుచ్చలేదు.