ఆడంగి, కొజ్జ: నెమ్మదైన పోరగాండ్లను తిట్టే ఈ మాటలు ఎక్కడియి?

హన్మకొండ_అడుగుతున్న: మా దిక్కు హాస్టళ్లల్ల లొల్లికి పోని, మెల్లగ మాట్లాడే పోరగాండ్లను ‘ఆడంగి’ అంటరు, ‘కొజ్జ’ అంటరు. రెండూ ఒకటేనా? ఆడంగి అంటే ‘ఆడోళ్ల అంగి తొడిగినోడు’ అని చెప్తున్నరు, నిజమేనా?

పదాలపెట్టె: అంగికి, దీనికి సంబంధం లేదన్నా. ‘ఆడంగులు’ అంటే ఆడవాళ్లు. పాత తెలుగులో అది మామూలు మాటే, బట్టల సంగతి అండ్ల ఎక్కడా లేదు. ఆడబిడ్డ, ఆడపడుచు మాటల్లో ఉన్న ‘ఆడ’నే ఇక్కడా ఉన్నది. అదే మాటను మగపిల్లగాని మీదికి తిప్పంగనే తిట్టయింది. ‘గాజులు తొడుక్కో’ అనేది కూడా గిట్లనే పుట్టింది. ఆడవాళ్లు తక్కువ అనుకుంటేనే ఈ తిట్లు తగులుతయి.

కొజ్జ పూర్తిగా వేరే. ఫారసీల ‘ఖ్వాజా’ అంటే దొర. రాణివాసం చూసుకునే నపుంసక అధికారిని ‘ఖ్వాజా సరా’ అనేటోళ్లు. ఖ్వాజా ఖోజా అయి, మన నోట్ల కొజ్జ అయింది. అంటే ఆడంగి నడవడికను ఎత్తిపొడిచేది, కొజ్జ శరీరం గురించి అనేది. నెమ్మదస్తుని మీద రెండోది వేస్తే అర్థమే కుదరదు. పిరికితనం అందామంటే అదీ చెల్లదు: 1310ల ఓరుగల్లు కోటను ముట్టడించి ప్రతాపరుద్రుని దగ్గర కప్పం పట్టుకపోయిన మాలిక్ కాఫూర్ ఖోజానే.

కాజీపేట_జంక్షన్: ‘పేడి’ని మర్చిపోయిన్రు, నపుంసకునికి పాత తెలుగు మాట అది. పేడి రూపంల ఉన్న అర్జునుడు, అంటే బృహన్నల, విరాటుని కొలువుల ఆట నేర్పింది, యుద్ధమొస్తే కౌరవ సేనను తరిమింది. రథం దిగి ఉరికింది కోతలు కోసిన ఉత్తరుడు. అందుకే పిరికోని బడాయికి తెలుగుల ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ అనే పేరు నిలిచింది.

వకీల్_వరంగల్: కొజ్జ అనే మాట వెనుక చట్టం బరువు కూడా ఉండె. నిజాం కాలంనాటి 1329 ఫస్లీ, అంటే 1919 చట్టం నపుంసకుల పేర్లకు రిజిస్టర్ పెట్టింది. ఆడబట్టలు, నగలతో బయట కనిపిస్తే వారంటు లేకుండనే పట్టుకోవచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జులైల కొట్టేసింది. అంటే మొన్నటిదాక చట్టం పుస్తకాలల్ల ఉన్నట్టే!

హన్మకొండ_అడుగుతున్న: మంచిగ చెప్పిన్రు. మరి హాస్టల్ల ఆపేదెట్ల?

వకీల్_వరంగల్: అర్జీల ‘ఏడిపిస్తున్నరు’ అని మాత్రమే రాస్తే వార్డెన్లు పక్కకు పెడ్తరు. అన్న మాట అన్నట్టే రాయుండ్రి: ఏ తేదీ, ఏ గది, ఎవరు అన్నరు, ఎవరు విన్నరు. రెండు కాపీలు తీసి ఒకదాని మీద ముద్ర వేయించుకోండ్రి. 18 ఏండ్ల లోపు పిల్లగాడైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయొచ్చు. డిగ్రీ, ఇంజినీరింగ్ అయితే ర్యాగింగ్ నంబరు 1800-180-5522. లింగం, రూపం పట్టుకొని వేధించుడు కూడా ర్యాగింగే అని యూజీసీ 2016ల నిబంధనల్ల చేర్చింది, ఆ సంగతి అర్జీల తప్పక రాయుండ్రి. అందరి ముందట పిల్లగాన్ని నిలబెట్టి ‘నిన్ను ఏమన్నరు’ అని మాత్రం అడగనియ్యద్దు, రేపటికి ఆ తిట్టు బడంతా పాకుతది.