యాంటీబెల్లమ్ అంటే యుద్ధ వ్యతిరేకమా?

ప్రశ్న:
అమెరికా యాత్రా వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. మిసిసిపీ ఒడ్డున నాచెజ్ అనే ఊళ్లో 'యాంటీబెల్లమ్' ఇళ్లు తప్పక చూడాలట. బెల్లమ్ అంటే లాటిన్‌లో యుద్ధమని డిక్షనరీలో దొరికింది. (అంతకుముందు నాకు తట్టింది ఏ బెల్లమో చెప్పక్కర్లేదు.) యాంటీ సంగతి తెలిసిందే కదా అని 'యుద్ధ వ్యతిరేక గృహాలు' అని రాసి పంపేశాను. "ఇళ్లు ధర్నా చేస్తున్నాయా?" అని పక్కన రాసి తిప్పి పంపారు ఎడిటర్ గారు. ఎక్కడ తప్పాను?

జవాబు 1:
తెలుగులో రాస్తే రెండూ 'యాంటీ'యే, అక్కడే పప్పులో కాలేశారు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూడండి, ఇందులో 'టి' తర్వాత ఉన్నది 'ఇ' (e), 'ఐ' (i) కాదు. అది లాటిన్ 'ఆంటె', అంటే ముందు. మీరు రోజూ వాడేదే: పొద్దున్న ఆరింటి పక్కన పెట్టే ఏ.ఎం.లో 'ఏ' ఇదే, మధ్యాహ్నానికి ముందు అని. బెల్లమ్ కూడా కొత్తది కాదు, 'రెబెల్' అందులోంచి వచ్చిందే.

జవాబు 2:
'యుద్ధానికి ముందు' అని ఊరుకుంటే మళ్లీ తిప్పి పంపుతారు. ఏ యుద్ధం? అమెరికాలో ఈ మాట అంటే 1861 నుంచి 1865 దాకా జరిగిన అంతర్యుద్ధమే. 1861 ఏప్రిల్ 12న ఫోర్ట్ సమ్టర్ అనే కోట మీద ఫిరంగులు పేలి ఆ యుద్ధం మొదలైంది, అంతకు ముందు కాలం యాంటీబెల్లమ్. 'స్టేటస్ కో ఆంటె బెల్లమ్' (యుద్ధానికి ముందున్న స్థితి) అన్నప్పుడు మాత్రం ఏ యుద్ధమైనా కావచ్చు. తమ మధ్య యుద్ధాన్ని ముగించిన 1814 నాటి ఘెంట్ ఒప్పందంలో బ్రిటన్, అమెరికా ఒప్పుకున్నది అదే, ఎవరి సరిహద్దులు వాళ్లకి యథాతథంగా.

జవాబు 3:
ఇంకో మాట. తెల్ల స్తంభాలు, పెద్ద వరండాలు చూసి 'ఆ మంచి రోజుల్లో' అని మాత్రం రాయకండి. 1860 జనాభా లెక్కల్లో బానిసలు దాదాపు 40 లక్షలు. ఆ ఇళ్లు నిలబడ్డది వాళ్లు తీసిన పత్తి మీద. లేడీ యాంటీబెల్లమ్ అనే సంగీత బృందం 2020లో క్షమాపణ చెప్పి మరీ లేడీ ఏ అని పేరు మార్చుకుంది. నన్నడిగితే ఈ విశేషణాన్ని అలంకారంగా వాడకూడదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్సండీ. 'అంతర్యుద్ధానికి ముందు కట్టిన భవంతులు' అని మార్చాను. బానిసల సంగతి మూల వ్యాసంలో ఒక్క ముక్క లేదు. అనువాదంలో నేను చేర్చకూడదు కాబట్టి, ఫుట్‌నోట్‌కి చోటిస్తారేమో ఎడిటర్ గారిని అడుగుతున్నాను.