అమ్మ ఇచ్చిన ఆరు లక్షలు లోనులో వేసేయనా?

భీమవరం కోడలు
అందరికీ నమస్కారమండి. రెండేళ్ల కిందట ఇల్లు కట్టుకోవడానికి 25 లక్షల లోను తీసుకున్నాం. 8.5 శాతం, ఫ్లోటింగ్ (బయట రేట్లని బట్టి మారే వడ్డీ), ఇరవై ఏళ్లు. ఈఎంఐ 21,696, నా జీతంలోంచే పోతుంది. మావారు కాళ్ల అనే ఊరి దగ్గర నాలుగెకరాల రొయ్యల చెరువు లీజుకి చేస్తున్నారు. ఇప్పుడు అమ్మ పాలకొల్లులో స్థలం అమ్మి నా వాటా 6 లక్షలు ఇచ్చింది. మొత్తం లోనులో వేసేద్దామని నేను. మేతకి పెట్టుబడి కావాలని ఈయన. బంగారం కొనుక్కోమని అత్తగారు. పైగా ఆఫీసువాళ్లు వర్క్ ఫ్రమ్ హోమ్ తీసేసి జూన్ నుంచి హైదరాబాద్ రమ్మంటున్నారు. బాబు ఒకటో తరగతిలో చేరాలి. రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు.

మాజీ క్యాషియర్, తణుకు
అమ్మా, ముందు లెక్క చూడు. మీకింకా దాదాపు 23.96 లక్షలు బాకీ ఉంటుంది. నెలనెలా కట్టే 21,696లో వడ్డీకే 17 వేల దాకా పోయి, అసలుకి జమయ్యేది 4,700. ఇప్పుడు 2 లక్షలు కట్టి ఈఎంఐ మార్చకపోతే మిగిలిన 216 నెలలు 179కి దిగుతాయి. ఆరూ కడితే 125కి. ఫ్లోటింగ్ లోనుకి పెనాల్టీ ఉండదు, ఎవరైనా అడిగితే రూలు చూపించమను. 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటు, అంటే తను బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు, 6.50 నుంచి 5.25కి తెచ్చింది. మీది ఇంకా 8.5 దగ్గరే ఉందంటే డబ్బు కట్టేముందు అదేంటో అడుగు. వడ్డీ మీద టాక్సు మిగులుతుంది కదా అని లోను ఉంచేసేవాళ్లున్నారు, కొత్త టాక్సు పద్ధతిలో ఉంటే సొంతంగా ఉండే ఇంటికి ఆ మినహాయింపే లేదు.

రొయ్యలోడు
సార్ లెక్క కరెక్టేనండి, ఆయ్. కానీ గట్టు మీద లెక్క వేరు. మూడేళ్ల కిందట పట్టుబడి బాగా వచ్చిందని ఉన్న 9 లక్షలూ ఊడ్చి లోనులో కట్టేశా. తర్వాత పంట నలభై ఐదో రోజు పొద్దున చెక్‌ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) పైకి తీస్తే వేసిన మేత వేసినట్టే ఉంది. మధ్యాహ్నానికి గట్టు వారన రొయ్యలు ఎర్రగా తేలాయి. వైట్‌స్పాట్ తెగులు. మేత డీలరు బాకీ ఒక పక్క. బ్యాంకుకెళ్లి, ముందే అంత కట్టాను కదండీ, ఓ ఆర్నెల్లు ఆగండి అంటే, అది అప్పటిది, ఈ నెలది ఈ నెలే అన్నారు. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి ఈఎంఐ కట్టా.

మీవారు తిట్టుకున్నా సరే, మీ అమ్మగారి డబ్బు మాత్రం చెరువులో పోయనివ్వకండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసేసరికి మనవాళ్ల పరిస్థితి చూశారుగా.

కువైట్ అక్క
మాది రాజోలు పక్క. పదకొండేళ్లు ఇక్కడ చేసి లోను తీర్చేశా. ఇల్లు నాదే, అందులో పడుకున్నది మొత్తం కలిపి ఆరు నెలలు ఉంటుందేమో. హైదరాబాద్ వెళ్తే బాబు ఎవరి దగ్గర ఉంటాడో ముందు తేల్చుకోమ్మా.

కొబ్బరాకు, అమలాపురం
మేం కిందటేడు పూర్తిగా తీర్చేశాం. తీర్చాక ఉంది అసలు కథ. దస్తావేజులు ఇక్కడ లేవు, వేరే ఊరి స్టోర్‌లో ఉన్నాయన్నారు. వారం వారం తిప్పారు. డబ్బంతా కట్టిన 30 రోజుల్లో కాగితాలు ఇవ్వకపోతే రోజుకి 5 వేలు వాళ్లే ఇవ్వాలని 2023లో రూలు వచ్చింది. అది ఒక కాగితం మీద రాసి ఇచ్చాక నాలుగో రోజున ఫోనొచ్చింది. తీరా చూస్తే మా మావగారి పాత లింకు దస్తావేజు లేదు! ఇంకో కవర్లో దొరికింది, చివరి పేజీ కొస కాఫీ మరకతో. తీసుకునేటప్పుడు పేజీలు లెక్కపెట్టుకోండి. తనఖా రిజిస్టరు చేసి ఉంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రద్దు చేయించి, ఈసీ (ఆస్తి మీద ఏ తనఖాలున్నాయో చూపించే సర్టిఫికెట్) తీసి చూసుకోవాలి. మా పక్కింటాయన ఈ పని మర్చిపోయి, ఎనిమిదేళ్ల తర్వాత అమ్మబోతే ఈసీలో లోను అలాగే కనపడింది.

భీమవరం కోడలు
అందరికీ థాంక్సండి. మావారితో కూర్చుని మాట్లాడా. రొయ్యలోడు గారి పోస్టు చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. 2 లక్షలు లోనుకి, 4 లక్షలు నా పేరున ఎఫ్‌డీ. చెరువుకి రూపాయి లేదు. హైదరాబాద్ సంగతి మార్చి దాకా తేల్చను, ఇక్కడే ఉండేలా వేరే ఉద్యోగానికి అప్లై చేస్తున్నా.

నిన్న బ్యాంకుకి వెళ్లాం. ఫారంలో 'ఈఎంఐ తగ్గించాలి' అన్నదానికి ఆ అబ్బాయి అప్పటికే టిక్కు పెట్టేశాడు. అందరూ అదే అడుగుతారండీ అన్నాడు. కొట్టేయించి, గడువు తగ్గించమని పక్కన రాసి సంతకం పెట్టా. 8.5 ఎందుకు తగ్గలేదంటే మేనేజరు సెలవట, సోమవారం రమ్మన్నారు.

మాజీ క్యాషియర్, తణుకు
సోమవారం వెళ్లేటప్పుడు శాంక్షన్ లెటరు పట్టుకెళ్లమ్మా. రేటు దేనికి ముడిపెట్టారో అందులోనే ఉంటుంది.