మే నెలలో జర్మనీ, 25 రాత్రులు. మొదటిసారి వెళ్తున్నాం, నిదానంగా తిరగాలని ఉంది

తార్నాక టీచర్:

అందరికీ నమస్కారం. ముప్పై ఆరేళ్లు గవర్నమెంట్ స్కూళ్లలో సోషల్ చెప్పి పోయిన ఏడాది రిటైరయ్యాను. మావారు ఫిజిక్స్ లెక్చరర్‌గా చేశారు. నాకు 62, ఆయనకు 66. ఇద్దరం ఇంతవరకు నేపాల్ దాటి ఎక్కడికీ వెళ్లలేదు. ఇప్పుడు జర్మనీ వెళ్దామని గట్టిగా అనుకున్నాం. అక్కడ మా వాళ్లంటూ ఎవరూ లేరు.

జర్మనీయే ఎందుకని ఇంట్లో అందరూ అడుగుతున్నారు. నేను ఉద్యోగంలో చేరింది 1989లో. మా స్కూల్ గోడకు వేలాడే యూరప్ మ్యాప్‌లో జర్మనీ రెండు రంగుల్లో ఉండేది. ఆ నవంబర్‌లోనే బెర్లిన్ గోడ పడింది, మరుసటి ఏడు అక్టోబర్‌లో రెండు దేశాలూ ఒకటయ్యాయి. కొత్త మ్యాప్ రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటిదాకా ఆ రెండు రంగుల మధ్య గీతను వేలితో కప్పి "ఇది ఇప్పుడు లేదు" అని పిల్లలకు చెప్పేదాన్ని. రైన్ నదినైతే బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కే లేదు. ఆల్ప్స్‌లో మొదలుపెట్టి, బాసెల్ దగ్గర పైకి మలుపు తిప్పి, నార్త్ సీలో కలిపేదాన్ని. ఆ నీళ్లు ఒక్కసారి చూడాలి.

ఒక ట్రావెల్స్ వాళ్లను అడిగితే 12 రోజుల్లో 7 దేశాల ప్యాకేజీ చూపించారు. అది మాకు వద్దు. మేమే ఒక ప్లాన్ రాసుకున్నాం. ఏప్రిల్ 25న బయల్దేరి ఫ్రాంక్‌ఫర్ట్, కొలోన్, హాంబర్గ్, బెర్లిన్, డ్రెస్డెన్, మ్యూనిక్, ఫ్యూసెన్ కోట, రోటెన్‌బర్గ్, హైడెల్‌బర్గ్, ఫ్రైబర్గ్ చూసుకుని మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్. మే 20కల్లా ఇంటికి. జూన్‌లో స్కూళ్లు తెరిస్తే మనవరాలిని నేనే చూసుకోవాలి. కాగితం మీద చూస్తే ఇదీ పరుగులాగే ఉంది, కానీ ఏ ఊరు తీసెయ్యాలో తేలడం లేదు. మావారు సాఫీ రోడ్డు మీద నాలుగైదు కిలోమీటర్లు హాయిగా నడుస్తారు, మెట్లంటేనే మోకాలు మొరాయిస్తుంది. ఇద్దరం శాకాహారులం, నేను గుడ్డు కూడా తినను. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

మెట్టుగూడ గార్డు:

టీచర్ గారూ, నమస్తే. నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. రెండేళ్ల కింద మా ఆవిడా నేనూ 23 రోజులు జర్మనీలో ఉండి వచ్చాం. మీ లిస్టు చూసి వెంటనే రాస్తున్నాను.

పది ఊళ్లంటే పదిసార్లు పెట్టెలు సర్దాలి, పదిసార్లు విప్పాలి. హోటల్లో పొద్దున పది, పదకొండుకు ఖాళీ చెయ్యమంటారు, తర్వాతి ఊళ్లో గది మధ్యాహ్నం మూడుకు గానీ ఇవ్వరు. ఊరు మారిన ప్రతిసారీ ఒక రోజు పోయిందనే లెక్క వేసుకోండి. మేము మొదటి వారంలో మూడు ఊళ్లు మారాం. మూడో ఊళ్లో మా ఆవిడ పెట్టె మూత మీద చెయ్యి పెట్టుకుని మంచం మీద కూర్చుంది. "ఇంకొకసారి ఇది సర్దమనకు" అంది. అంతే. ఆ రాత్రి మిగిలిన బుకింగులు రెండు రద్దు చేసుకుని ఆ ఊళ్లోనే తొమ్మిది రోజులు ఉండిపోయాం. అది రైన్ ఒడ్డున బోప్పార్డ్. నాలుగో రోజు నుంచి బేకరీలో మమ్మల్ని చూడగానే రెండు బ్రెట్జెల్‌లు (మెలి తిప్పిన రొట్టెలు) సంచిలో వేసి పెట్టేవారు. పొద్దున్నే నది పక్కన బెంచీ మీద కూర్చుని అవి తింటూ సరుకు పడవలు లెక్కపెట్టేవాళ్లం. మా ఆవిడ ఇప్పటికీ చెప్పేది ఆ బెంచీ గురించే.

మీరు పాఠంలో చెప్పిన నదులనే పట్టుకుని వెళ్లండి. నాలుగు మజిలీలు చాలు.

దిగిన రాత్రి ఫ్రాంక్‌ఫర్ట్‌లో నిద్రపోండి. మన శంషాబాద్ నుంచి అక్కడికి నేరుగా విమానం ఉంది. మర్నాడు బోప్పార్డ్, ఆరు రాత్రులు. బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా 65 కిలోమీటర్ల లోయను 2002లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది. రెండు వైపులా కొండల మీద నలభై దాకా కోటలు. రైలు నది అంచునే నడుస్తుంది, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. ఒక రోజు పడవలో వెళ్లి లోరెలై కొండ చూడండి. కొండ ఎత్తు 132 మీటర్లే గానీ, నది అక్కడ ఇరుకై మెలి తిరిగే చోటు చూస్తే మీరు బోర్డు మీద గీసిన మలుపులన్నీ గుర్తొస్తాయి. బోప్పార్డ్ నుంచి కోబ్లెంజ్ రైల్లో పావుగంట. అక్కడ మోజెల్ వచ్చి రైన్‌లో కలుస్తుంది. మన కాళేశ్వరంలో ప్రాణహిత గోదావరిలో కలిసినట్టే. రెండు నీళ్లూ పక్కపక్కన వేరుగా కనిపించే మూల చివరిదాకా నడిచి వెళ్లొచ్చు, దారంతా సాఫీగా ఉంటుంది.

తర్వాత ఫ్రైబర్గ్, ఆరు రాత్రులు. ఊరి వీధుల పక్కన చిన్న కాలువలు పారుతుంటాయి, పిల్లలు తాడు కట్టిన చెక్క పడవలు వదులుతుంటారు. అక్కడి నుంచి లోకల్ రైల్లో బ్లాక్ ఫారెస్ట్ కొండలెక్కి టిటిజే చెరువు మీదుగా డోనౌఎషింగెన్ వెళ్లండి. డాన్యూబ్ నదికి మూలమని చెప్పుకునే ఊట అక్కడే, కోట తోటలో గుండ్రటి రాతి గట్టు కట్టి ఉంటుంది. త్ర్యంబకంలో గోదావరి పుట్టినచోటు చూసినట్టుంటుంది. ఆ నీళ్లు 2,800 కిలోమీటర్లకు పైగా పారి నల్లసముద్రంలో కలుస్తాయి. రైన్ ఉత్తరానికి పోతుంటే, ఈ బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో పుట్టిన డాన్యూబ్ తూర్పుకు పోతుంది. పిల్లలకు ఇది చెప్పే ఉంటారు.

అక్కడి నుంచి బాంబెర్గ్ ఐదు రాత్రులు, ఆఖరున బెర్లిన్ ఆరు రాత్రులు. తిరుగు విమానానికి ముందు రాత్రి మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్. మొత్తం 25. హాంబర్గ్, కొలోన్, డ్రెస్డెన్ ఇంకోసారికి ఉంచుకోండి.

బెర్లిన్‌లో బెర్నౌవర్ స్ట్రాసె తప్పకుండా వెళ్లండి. గోడలో కొంత భాగం, మధ్య ఖాళీ నేల, కాపలా టవర్ అలాగే ఉంచారు. టికెట్ లేదు. గోడ తీసేసిన చోట ఇనుప కడ్డీలు వరుసగా నిలబెట్టారు, వాటి మధ్య నుంచి మనుషులు అటూ ఇటూ నడుస్తుంటారు. మీరు వేలితో కప్పిన గీత అదేనండీ.

ఇక రైళ్లు. డాయిచ్‌లాండ్ టికెట్ అని ఒకటుంది. నెలకు 63 యూరోలు. దేశమంతా లోకల్, రీజినల్ రైళ్లు, మెట్రోలు, ట్రాములు, సిటీ బస్సులు అన్నీ ఎక్కొచ్చు. ఐసీఈ లాంటి దూరపు రైళ్లకు మాత్రం చెల్లదు. ఇది క్యాలెండర్ నెలకు లెక్క. మీరనుకున్న తేదీలైతే ఏప్రిల్‌కు ఒకటి, మేకు ఒకటి కొనాలి. మే 3 నుంచి 28 దాకా జరుపుకుంటే మనిషికి ఒక్కటితో సరిపోతుంది. ఇంకో మాట, ఇది నెలనెలా దానంతటదే కొనసాగే టికెట్. ఆ నెల 10వ తేదీలోపు రద్దు చెయ్యకపోతే జూన్‌కు కూడా డబ్బులు పోతాయి. కొన్న రోజే రద్దు నొక్కేయండి, నెలాఖరు దాకా చెల్లుతూనే ఉంటుంది. చెకింగ్‌లో పాస్‌పోర్టు కూడా చూపించాలి.

ఫ్రైబర్గ్ నుంచి బాంబెర్గ్, అక్కడి నుంచి బెర్లిన్, బెర్లిన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మాత్రం ఐసీఈలో వెళ్లండి. ముందుగా కొంటే చాలా తక్కువకు వస్తుంది, కానీ ఆ టికెట్ ఆ ఒక్క రైలుకే. చేరే ఊరికి 20 నిమిషాలు, అంతకంటే ఎక్కువ ఆలస్యమయ్యేలా ఉంటే వేరే రైలు ఎక్కనిస్తారు. గంట దాటితే పావు వంతు, రెండు గంటలు దాటితే సగం డబ్బు వెనక్కి అడగొచ్చు. రైళ్లు మారే చోట అరగంటకు తక్కువ పెట్టుకోకండి. యాప్‌లో ఎనిమిది నిమిషాలు చూపించి కనెక్షన్ ఉందంటుంది. సారు మోకాలికి అది చాలదు.

ఒక్క జాగ్రత్త. సీటు రిజర్వ్ చేసుకుని, మీ బోగీ నంబరులోనే కూర్చోండి. కొన్ని ఐసీఈలు మధ్యలో రెండుగా విడిపోతాయి. మన కాజీపేటలో దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌కు విశాఖ లింకు బోగీలు కలిపినప్పుడు, విడదీసినప్పుడు నేను డ్యూటీలో ఉన్నవాణ్ని. అయినా అక్కడ ఖాళీగా ఉందని ముందు బోగీలో కూర్చున్నాం. మేం వెళ్లాల్సింది వుపర్టాల్, 1901 నుంచి నడుస్తున్న వేలాడే రైలు చూడ్డానికి. హమ్ స్టేషన్‌లో కప్లింగ్ విడిచిన కుదుపు ఒంటికి తెలిసింది. కిటికీలోంచి చూస్తే వెనక సగం ప్లాట్‌ఫాం మీదే ఆగిపోయి ఉంది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. టికెట్ చూసే ఆమె నెమ్మదిగా ఒక కాగితం మీద రాసిచ్చింది, డార్ట్‌మండ్‌లో దిగండి, ఫలానా ప్లాట్‌ఫాం, ఫలానా రైలు అని. గంటన్నర ఆలస్యంగా చేరాం. ఆ కాగితం ఇంకా నా పాస్‌పోర్టులోనే ఉంది.

బోడుప్పల్ టు స్టుట్‌గార్ట్:

ఆంటీ, నేను ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. అంకుల్ చెప్పిన ప్లాన్ బాగుంది. తిండి సంగతి నేను చెప్తాను.

హోటల్ కాకుండా వంటిల్లున్న చిన్న ఫ్లాట్ తీసుకోండి. ఇక్కడ ఫెరియెన్‌వోనుంగ్ అంటారు. బుక్ చేసే ముందు లిఫ్ట్ ఉందా, క్లీనింగ్ డబ్బులు విడిగా తీసుకుంటారా అని చూసుకోండి. పాత ఇళ్లలో మూడో అంతస్తుకు కూడా మెట్లే ఉంటాయి. పప్పులు, పొడులు, ఆవకాయ తెచ్చుకోవచ్చు. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు తేకూడదు. కరివేపాకు కూడా అంతే, పచ్చి ఆకులకు సర్టిఫికెట్ కావాలి. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు కవర్ నిండా కరివేపాకు తెచ్చింది. ఎయిర్‌పోర్టులో తీసేసుకున్నారు. పాపం, ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. ఎండబెట్టి పొడి కొట్టుకుని తెచ్చుకోండి. కుక్కర్ తెస్తే మన మూడు పిన్నుల ప్లగ్గు ఇక్కడ పట్టదు, అడాప్టర్ కావాలి.

బయట తినేటప్పుడు "వెగెటారిష్" అని అడిగితే మాంసం ఉండదు, కానీ గుడ్డు ఉండొచ్చు. ష్పెట్జ్లె అనే నూడుల్స్‌లో గుడ్డు ఉంటుంది. మీరు "వెగాన్" అని అడగండి. బంగాళాదుంప కూరల్లో, సలాడ్లలో పంది మాంసం ముక్కలు వేస్తుంటారు, ప్రతిసారీ అడగాలి. మే నెలంతా ష్పార్గెల్ సీజన్. తెల్లగా, మునక్కాడంత లావున ఉంటుంది, వెన్నతో, ఉడికించిన దుంపలతో పెడతారు. జూన్ 24 తర్వాత పెద్దగా దొరకదు. పక్కన హామ్ వద్దని చెప్పి ఒక్కసారైనా తినండి.

ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. మే 1న, అసెన్షన్ (క్రీస్తు స్వర్గారోహణ పండుగ) గురువారం కూడా అంతే. ముందు రోజే పాలు, పెరుగు కొనిపెట్టుకోండి. పెద్ద స్టేషన్లలో షాపులు మాత్రం తెరిచే ఉంటాయి. ప్లాస్టిక్ నీళ్ల బాటిల్ మీద 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు, ఖాళీ బాటిల్ షాపులో మెషిన్లో వేస్తే ఆ డబ్బులు తిరిగి వస్తాయి, పారెయ్యకండి. కుళాయి నీళ్లు తాగొచ్చు.

నిజాంపేట్ 90:

మా అమ్మానాన్నలకు నేనే వీసా చేయించాను. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు. ఎండాకాలానికి స్లాట్లు దొరకడం కష్టం, జనవరిలోనే చూసుకోండి. ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీ వేరు. మెడికల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. మీ ఇద్దరికీ పింఛను కాబట్టి పీపీఓ (పింఛను మంజూరు పత్రం) కాపీలు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు పెట్టండి. ఏ రాత్రి ఎక్కడ ఉంటారో తేదీలవారీగా ఒక కాగితం రాసి, రద్దు చేసుకునే వీలున్న బుకింగులు జత చెయ్యండి. సారు వేసుకునే మందుల ప్రిస్క్రిప్షన్ ఇంగ్లిష్‌లో ఉంచుకోండి.

ఉప్పల్ కుర్రాడు:

గార్డు అంకుల్, మ్యూనిక్ మొత్తం తీసేశారేంటి? సారు ఫిజిక్స్ అన్నారు కదా, అక్కడి డాయిచెస్ మ్యూజియం (సైన్స్ మ్యూజియం) చూడకుండా రావడం నాకైతే అన్యాయం అనిపిస్తోంది. నేను రెండు రోజులు వరుసగా వెళ్లాను, ఇంకా సగం మిగిలింది.

తార్నాక టీచర్:

మీ అందరి మాటలూ నిన్న రాత్రి మావారికి చదివి వినిపించాను. కోట వదులుకుంటారట. మ్యూజియం దగ్గర మాత్రం ఒప్పుకోవడం లేదు. తేదీలు మే 3 నుంచి 28కి మార్చేశాం. గార్డు గారూ, మీ ప్లాన్‌లో మ్యూనిక్ ఎక్కడ పడుతుంది? ఇంకో మజిలీ పెట్టక తప్పదా?

మెట్టుగూడ గార్డు:

మజిలీ పెంచకండి, టీచర్ గారూ. ఆ అబ్బాయి చెప్పింది నిజమే, సారు సంగతి నేను ఆలోచించలేదు. బాంబెర్గ్ బదులు నూరెంబర్గ్‌లో ఐదు రాత్రులు ఉండండి. అక్కడి నుంచి ఐసీఈలో మ్యూనిక్ గంట పైన కొంచెం. పొద్దున వెళ్లి సాయంత్రం రావచ్చు, కావాలంటే మర్నాడు మళ్లీ వెళ్లొచ్చు. బాంబెర్గ్‌కు లోకల్ రైళ్లు గంట లోపే, మీ నెల టికెట్ మీదే. నది మధ్యలో చిన్న దీవి మీద కట్టిన పాత మునిసిపల్ భవనం చూసి రండి.

నూరెంబర్గ్‌లో ఉంటే రైల్వే మ్యూజియం కూడా ఉంది. జర్మనీలో ఆవిరి ఇంజన్‌తో మొదటి ప్రయాణికుల రైలు 1835 డిసెంబర్ 7న ఆ ఊరి నుంచే ఫ్యూర్త్‌కు నడిచింది. మన మొదటి ప్రయాణికుల రైలు, బొంబాయి బోరీ బందర్ నుంచి ఠాణేకు, 1853. మేం బోప్పార్డ్‌లోనే ఉండిపోవడంతో నేనది చూడలేకపోయాను. ఆ ఇంజన్ పేరు ఆడ్లర్, నమూనా అక్కడ పెట్టారు. దాని ముందు సారును నిలబెట్టి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.