కంప్యూటర్ బిగుసుకుపోతే ముందు లాగ్‌లు చూడాలా, రీఇన్‌స్టాల్ చేసేయాలా?

కొత్తపెంగ్విన్:
నాన్న వాడే డెస్క్‌టాప్‌లో లినక్స్ మింట్ వేసి రెండేళ్ళయింది. నెల రోజులుగా రోజుకు ఒకటి రెండు సార్లు బిగుసుకుపోతోంది. మౌస్ బాణం మాత్రం కదులుతుంది, ఏది నొక్కినా తెరుచుకోదు. ఒక్కోసారి అర నిమిషం ఆగితే దానంతట అదే లేస్తుంది. ఒక్కోసారి పవర్ బటన్ నొక్కి పట్టుకోవాల్సిందే. ఒక ఫ్రెండ్ "రీఇన్‌స్టాల్ చేసేయ్, పీడా పోతుంది" అన్నాడు. ఇంకొకరు "లాగ్‌లు చూడకుండా ఏదీ ముట్టుకోకు" అన్నారు. లాగ్‌లంటే సిస్టమ్ తన పనులు రాసుకునే చిట్టాలట. నాకు ఖాళీ దొరికేది ఈ శని, ఆదివారాలే. ఏది ముందు?

రెండుగంటలు:
రీఇన్‌స్టాల్. జవాబు నా పేరులోనే ఉంది. హోమ్ ఫోల్డర్ (మీ సొంత ఫైళ్ళుండేది) బయటి డ్రైవ్‌లోకి కాపీ కొట్టండి, పెన్‌డ్రైవ్‌తో బూట్ చెయ్యండి, రెండు గంటల్లో కొత్త సిస్టమ్. లాగ్‌లు తెరిస్తే బాగున్న కంప్యూటర్‌లో కూడా ఎర్ర లైన్లు పాతిక కనిపిస్తాయి. బ్లూటూత్ ఏదో దొరకలేదంటుంది, ఏసీపీఐ ఏదో తప్పంటుంది. వాటిలో అసలు దొంగ ఎవరో కొత్తవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

నల్లతెర:
కాస్త ఆగండి. "అర నిమిషం ఆగితే లేస్తుంది" అన్న మాట ఎవరూ చదవలేదా? డిస్క్‌కి పంపిన ఆదేశానికి జవాబు రాకపోతే కెర్నల్ (లినక్స్ గుండెకాయ) మామూలుగా 30 సెకన్లు చూస్తుంది, ఆ తర్వాత లింక్‌ని రీసెట్ చేస్తుంది. బాణం కదలడానికి డిస్క్‌తో పని లేదు, అందుకే కదులుతోంది. కొత్త ప్రోగ్రామ్ తెరవాలంటే డిస్క్ కావాలి, అందుకే ఆగిపోతోంది. డిస్క్ అయినా కావచ్చు, దాన్ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ అయినా కావచ్చు. చెడిపోతున్న డిస్క్ మీద రీఇన్‌స్టాల్ అంటే కూలే గోడకి సున్నం కొట్టడమే.

"జర్నల్‌సీటీఎల్ మైనస్ బీ మైనస్ 1" అని కొట్టండి (ఫోన్‌లో చెప్పినట్టు రాస్తున్నా). కిందటి బూట్ లాగ్ వస్తుంది. చివర్లో ఏముందో చెప్పండి.

అడ్మిన్‌కాదు:
బిగుసుకున్నప్పుడు క్యాప్స్ లాక్ నొక్కితే లైటు వెలుగుతోందా? వెలిగితే కెర్నల్ ఇంకా బతికే ఉన్నట్టు.

కొత్తపెంగ్విన్:
లైటు వెలుగుతోంది. లాగ్ కూడా చూశా. చివరి లైన్ ఉదయం 10:42కి, క్రాన్ (వేళకి పనులు నడిపేది) ఏదో నడిచినట్టుంది. అది అయిన కాసేపటికే బిగుసుకుంది. ఎర్రర్ అనేదేమీ లేదు.

రెండుగంటలు:
ఇంకేం, లాగ్‌లో ఏమీ లేదు. శనివారం సగం అయిపోయింది కూడా.

నల్లతెర:
ఏమీ లేకపోవడమే అనుమానంగా ఉంది. లాగ్ ఎక్కడ రాస్తుంది? అదే డిస్క్ మీద. డిస్క్ చేతులెత్తేస్తే ఆ సంగతి ఎక్కడ రాసుకుంటుంది?

రెండుగంటలు:
అంటే లాగ్‌లో ఉంటే హార్డ్‌వేర్, లేకపోయినా హార్డ్‌వేరే. మీతో గెలవడం దేవుడి తరం కూడా కాదన్నా.

పాతకీబోర్డు:
కొట్టుకోకండయ్యా. లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే సిస్టమ్) బూట్ చేసి ఓ పూట వాడి చూడమనండి. అందులోనూ బిగుసుకుంటే ఇన్‌స్టాలేషన్ తప్పు కాదని తేలిపోతుంది.

కొత్తపెంగ్విన్:
లైవ్‌లో మూడు గంటలు వాడాం. నాన్న పేపర్ చదువుకున్నారు, వీడియోలు చూశారు. ఒక్కసారి కూడా ఆగలేదు.

రెండుగంటలు:
తీర్పు వచ్చేసింది! అదే మెషీన్, అదే ర్యామ్, అదే ప్రాసెసర్. లైవ్‌లో బాగుంది, ఇన్‌స్టాల్ చేసినదాంట్లో బాగాలేదు. సాఫ్ట్‌వేరే. ఇంకేం కావాలి?

నల్లతెర:
అదే మెషీన్, అదే ర్యామ్, అదే ప్రాసెసర్. ఒక్కటి మాత్రం చెప్పకుండా దాటేశారు. లైవ్ సిస్టమ్ పెన్‌డ్రైవ్ నుంచీ ర్యామ్ నుంచీ నడుస్తుంది, లోపలి డిస్క్‌ని దాదాపు ముట్టుకోదు. డిస్క్ మీద అనుమానం ఉన్నప్పుడు డిస్క్ వాడని పరీక్ష పెట్టి, పాసైందని చప్పట్లు కొడితే ఎలా?

పాతకీబోర్డు గారూ, మీ సలహా తప్పనడం లేదు. లైవ్‌లో కూడా బిగుసుకుని ఉంటే అది గట్టి సాక్ష్యమే. బిగుసుకోకపోతే మాత్రం దాంతో తేలేది సగమే.

పాతకీబోర్డు:
నిజమే, ఆ మాట నేను చెప్పాల్సింది.

రెండుగంటలు:
నా అనుభవం చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం. పోయినేడు మా ఇంటి కంప్యూటర్ అచ్చం ఇలాగే చేసింది. నేనూ ముందు మంచివాడిలా వేరే చోట ప్రశ్న పెట్టాను. ఆ లాగ్ పెట్టు, ఈ కమాండ్ కొట్టు, కెర్నల్ మార్చు, డ్రైవర్ తీసెయ్. నాలుగు ఆదివారాలు పోయాయి. చివరికి ఒకాయన "నా దగ్గర బాగానే పనిచేస్తోందే" అని రాసి వెళ్ళిపోయాడు. ఆయన దగ్గర పనిచేస్తే నాకేమిటి? అప్పుడు విసుగొచ్చి సైడ్ ప్యానెల్ తీశా, దుమ్ము దులిపా, ర్యామ్ ఓసారి తీసి పెట్టా, రీఇన్‌స్టాల్ కొట్టా. ఏడు నెలలైంది, ఒక్క కంప్లెయింట్ లేదు.

నల్లతెర:
ర్యామ్ తీసి పెట్టారా?

రెండుగంటలు:
పెట్టాను. అయితే?

నల్లతెర:
సైడ్ ప్యానెల్ తీశారు, దుమ్ము దులిపారు, ర్యామ్ ఊడదీసి మళ్ళీ బిగించారు. ఆ ఊపులో కేబుళ్ళు కూడా కదిలే ఉంటాయి. అన్నీ ఒకేసారి చేసి, దండ మాత్రం రీఇన్‌స్టాల్ మెడలో వేశారు.

రెండుగంటలు:
దుమ్ము దులిపితే బాగయ్యేదైతే ప్రతి పండక్కీ దులుపుతాం, అప్పుడు ఎందుకు బాగవలేదు?

నల్లతెర:
పండక్కి దులిపేది బయట. ఫ్యాన్ రెక్కల మధ్య గుడ్డలా పేరుకున్న దుమ్ము సంగతి వేరు. వేడెక్కితే ప్రాసెసర్ వేగం తగ్గుతుంది, మరీ ఎక్కువైతే మెషీన్ ఆగిపోతుంది. ర్యామ్ కాళ్ళ మీద మసి పట్టినా తీసి పెడితే వదులుతుంది.

రెండుగంటలు:
మాది ఆగిపోలేదు, బిగుసుకుంది. రెండూ వేరని మీరే అంటారుగా.

నల్లతెర:
దుమ్ము ఒక్కటే అని నేను అన్నానా?

అడ్మిన్‌కాదు:
పదిహేను పోస్టులు దాటాం, దుమ్ము దగ్గరే ఉన్నాం.

చలిచీమ:
మధ్యలో దూరుతున్నాను. 2022 అక్టోబర్‌లో సాక్షాత్తూ లినక్స్ కెర్నల్ రాసిన లైనస్ టోర్వాల్డ్స్ కంప్యూటర్‌లోనే ర్యామ్ పాడైంది. రెండున్నరేళ్ళు నిక్షేపంలా నడిచిన మెషీన్. కెర్నల్ 6.1కి కోడ్ కలుపుకునే రోజుల్లో, కంపైల్ చేస్తుంటే పొంతన లేని ఎర్రర్లు మొదలయ్యాయి. ముందు పాత కెర్నల్‌తో బూట్ చేసి చూశారు. తర్వాత రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపితే ఒక ర్యామ్ స్టిక్ పోయిందని ఖాయమైంది. కొత్తపెంగ్విన్ గారూ, రాత్రికి మీరూ మెమ్‌టెస్ట్ పెట్టి పడుకోండి, ఖర్చేమీ లేదు. ఒక్క పాస్‌తో ఆపొద్దు.

నల్లతెర:
ఆయన రీఇన్‌స్టాల్ చెయ్యలేదు, గమనించారా?

రెండుగంటలు:
ముందు పాత కెర్నల్‌తో బూట్ చేశారు, గమనించారా? అంటే కెర్నల్ రాసినాయనే మొదట సాఫ్ట్‌వేర్‌ని అనుమానించాడు.

నల్లతెర:
అనుమానించి పరీక్షించారు. పరీక్షకీ తుడిచెయ్యడానికీ తేడా తెలియదా మీకు? ఏమీ తెలుసుకోకుండా అంతా చెరిపేసి "బాగైంది" అనడం రిపేర్ కాదు. దొంగతనం జరిగిన ఇంట్లో సాక్ష్యాలు కడిగేసి, ఇల్లు శుభ్రమైందని మురిసిపోవడం.

రెండుగంటలు:
మాటలు జాగ్రత్త. మీకు అవతలివాళ్ళ కంప్యూటర్ బాగుపడటం కాదు, మీ పజిల్ విడటం కావాలి. జనం మీకు ప్రశ్నపత్రాలు.

నల్లతెర:
పజిలా? సరే, చెప్తా వినండి. మా అన్నయ్య సెలవులకి వస్తాడు. సిస్టమ్ నెమ్మదిగా ఉందని ఎవరన్నా చాలు, పెన్‌డ్రైవ్ తీస్తాడు. ఒకసారి అలాగే కొత్తది వేశాడు. "టైమ్‌షిఫ్ట్ ఉందిగా, భయం లేదు" అన్నాడు. టైమ్‌షిఫ్ట్ అనేది సిస్టమ్‌కి కాపీలు తీసిపెట్టే ప్రోగ్రామ్, డిఫాల్ట్‌గా హోమ్ ఫోల్డర్‌ని తీసుకోదు. సిస్టమ్ ఫైళ్ళన్నీ భద్రంగా ఉన్నాయి, అవి ఎవడిక్కావాలి? నాన్నమ్మ గొంతు రికార్డు చేసిన ఫైళ్ళు పోయాయి. ఇంకా ఏమన్నా మిగిలిందేమో తీద్దామని వారం తర్వాత చూస్తే డిస్కే చదవడం మానేసింది. ముందు నుంచీ పోతున్నది డిస్కే. కొత్త సిస్టమ్ ఆ డిస్క్ మీదే రాశాడు. అప్పటికి అన్నయ్య వెళ్ళిపోయాడు. అమ్మ "ఏమైందిరా, అన్నయ్య బాగు చేశాడుగా" అని నన్నే అడిగేది.

చలిచీమ:
అయ్యో.

రెండుగంటలు:
అది బ్యాకప్ తీసుకోని మీ అన్నయ్య తప్పు. నేను మొదటి పోస్టులోనే హోమ్ ఫోల్డర్ కాపీ చెయ్యమన్నాను, పైకెళ్ళి చూడండి.

నల్లతెర:
కాపీ చేశారు, కొత్తది వేశారు, వెళ్ళిపోయారు. నెలకి మళ్ళీ బిగుసుకుంటే అక్కడున్నది ఎవరు? మీ ఏడు నెలల్లో ఆ కంప్యూటర్ ముందు మీరు కూర్చున్నవి ఎన్ని రోజులు? కంప్లెయింట్ లేదా, మీ దాకా రాలేదా?

రెండుగంటలు:
...

సరే. నాలుగు రోజులు. ఏడు నెలల్లో నేను ఇంటికి వెళ్ళింది ఒక్కసారి, ఉన్నది నాలుగు రోజులు.

ఆ నాలుగు రోజుల్లో నేను ఏం చెయ్యాలంటారు? అమ్మానాన్నలకి వీపు పెట్టి నల్ల తెరలో తెల్ల అక్షరాలు చదువుతూ కూర్చోవాలా? పోయినసారి అలాగే కూర్చున్నా. నాన్న రెండుసార్లు వచ్చి కుర్చీ పక్కన నిలబడి, "పనిలో ఉన్నావా" అని వెళ్ళిపోయారు. అందుకే రెండు గంటలంటున్నా. కారణం తెలియాలని నాకూ ఉంటుంది. టైమ్ లేదు. అక్కడే ఉండేవాళ్ళకి ఉంటుంది ఆ టైమ్.

నల్లతెర:
అక్కడే ఉండేవాళ్ళకి టైమ్ ఉంటుందని వచ్చి వెళ్ళేవాళ్ళకి ఎవరు చెప్పారో.

పాతకీబోర్డు:
మీరిద్దరూ ఇంక కంప్యూటర్ గురించి మాట్లాడటం లేదు. అసలు అడిగిన మనిషి ఏమైనట్టు?

కొత్తపెంగ్విన్:
ఇక్కడే ఉన్నా. అన్నీ చదివా. నేను ఇంట్లో ఉండేదాన్నే, అందుకే లాగ్‌ల వైపే మొగ్గా.

మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిచింది, ఒక్క ఎర్రర్ లేదు. పొద్దున వేరే చోట చదివి "సుడో డీఎంఈఎస్‌జీ మైనస్ డబ్ల్యూ" (కెర్నల్ సందేశాలు ఎప్పటికప్పుడు చూపించేది) కొట్టి ఆ విండో అలాగే ఉంచేశా. మధ్యాహ్నం బిగుసుకుంది. కానీ ఆ విండో ముందే తెరిచి ఉందిగా, దాంట్లో నా కళ్ళ ముందే లైన్లు పడ్డాయి. "అటా1 హార్డ్ రీసెట్టింగ్ లింక్" అని మూడుసార్లు వచ్చింది. ఫోన్‌తో ఫొటో తీసుకున్నా.

ఆ తర్వాత స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు) చూశా. 5 ఎదురుగా సున్నా, 197 ఎదురుగా సున్నా, 199 ఎదురుగా 412.

నల్లతెర:
కేబుల్! 5 అంటే డిస్క్ పక్కన పెట్టేసిన సెక్టార్లు, 197 అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి. రెండూ సున్నా, అంటే పళ్ళెం మీద గీతలేమీ లేవు. 199 దారిలో చెడిన డేటా లెక్క. డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్యనున్న తీగ. కొత్త సాటా కేబుల్ వేసి, వీలైతే బోర్డు మీద వేరే పోర్టులో పెట్టండి.

అవును, కేబుల్, పోర్టు రెండూ ఒకేసారి మార్చమంటున్నా. నవ్వుకోండి.

రెండుగంటలు:
నవ్వడం లేదు. నోట్ చేసుకున్నా.

కొత్తపెంగ్విన్:
నాలుగు రోజుల తర్వాత వస్తున్నా. కేబుల్ మార్చాం. పాతది తీస్తుంటే క్లిప్పు చేతిలోకే వచ్చేసింది, ఎప్పుడో విరిగి ఊరికే ఆనుకుని ఉందన్నమాట. అప్పటి నుంచి ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. కానీ 199 ఇంకా 412 దగ్గరే ఉంది. బాగవలేదా?

చలిచీమ:
ఆ అంకె తగ్గదండీ, జరిగినవాటి లెక్క అది. పెరగకపోతే చాలు.

అడ్మిన్‌కాదు:
దుమ్ము దులిపారా మరి?

కొత్తపెంగ్విన్:
దులిపామండీ :)

రెండుగంటలు:
నల్లతెర గారూ, ఆ స్మార్ట్ కమాండ్ పూర్తిగా రాస్తారా? తమ్ముడికి ఫోన్ చేశా. అసలు సంగతేమిటంటే అప్పుడప్పుడు ఇంకా ఆగుతోందట. నాకు చెప్పలేదంతే. ఎందుకు చెప్పలేదురా అంటే, "చెప్తే మళ్ళీ అంతా తుడిచేస్తావుగా" అన్నాడు.

నల్లతెర:
"సుడో స్మార్ట్‌సీటీఎల్ మైనస్ ఏ", ఒక ఖాళీ, తర్వాత "స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ". చిన్న అక్షరాలే. కమాండ్ లేదంటే స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకోమనండి.

రెండుగంటలు:
చేశాడు. 199 సున్నా. 5 ఎదురుగా 16, 197 ఎదురుగా 8 అని చదివాడు. 8 చిన్న అంకేగా?

నల్లతెర:
తమ్ముడు లైన్‌లోనే ఉన్నాడా? ఇంకేదీ ముట్టుకోవద్దనండి. బయటి డ్రైవ్ పెట్టి ముందు ఫొటోలు, తర్వాత మిగతా హోమ్ ఫోల్డర్ కాపీ చెయ్యమనండి, ఇప్పుడే. మధ్యలో ఏదైనా ఫైల్ దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి ముందుకి వెళ్ళమనండి. మనం తర్వాత కొట్టుకుందాం.

రెండుగంటలు:
మొదలుపెట్టాడు. ఫోన్ పెట్టెయ్యొద్దన్నాను.